రాగి గిన్నెలో బొట్టు

ఏడో తరగతి మూడుసార్లు చదివాను కాబట్టి, ఆ తరగతి వరకు నన్ను మించిన పండితుడు లేడు. ఆ పాండిత్యంతోనే గగన్‌పహాడ్‌లో లేత్ మిషన్ మీద ఒక పరిశోధకురాలికి రాగి గిన్నెలు చేసిపెట్టేవాణ్ణి. కణాలను మహావేగంతో తోలే యంత్రంలో వాటిని వరుసగా అమరుస్తారట. బలమైన రేడియో తరంగాలు లోపలికి పంపితే, ఒక్కోసారి మెరుపు పుట్టి రాగి మీద గుంట పడుతుంది. వేలిముద్ర అంటినా చాలు. ఆ మెరుపు మీదే ఆమె చదువు.

చివరి గిన్నె నున్నబడ్డాక లోపలికి చూశాను. ఎయిర్‌పోర్టుకు దిగుతున్న విమానం ప్రతిబింబం అందులో తేనెలో చేపలా మెల్లగా ఈదిపోయింది. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ మైకంలోనే చేతి తొడుగు తీసి, కొత్త వస్తువు కదా అని కుంకుమ బొట్టు పెట్టాను. తెలివొచ్చాక బొటనవేలితో తుడిచేశాను.

మర్నాడు ఆమె గిన్నెను పెట్టెలో సర్దుతోంది. ఆ యంత్రంలో గిన్నెలను పరీక్షించడానికి ఆమెకు దొరికింది ఒక్క రోజు. మళ్లీ కడిగి ఆరబెట్టే వ్యవధి లేదు. నేను నోరు మూసుకుంటే, నా కుంకుమ చేసిన గుంటను ఆమె రాగిలోని లోపమని రాసుకుంటుంది.

"మేడం, జర ఆగుండ్రి. అండ్ల బొట్టు పెట్టిన."

"లోపలా?"

"లోపల్నే. బయట పెడితే మీరు చూస్తరని."

ఆమె గిన్నెను వెలుతురు వైపు తిప్పింది. ఎక్కడ పెట్టానో అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది.

"మెరుపు ఎక్కడ పుడుతుందో ముందే తెలియక మూడేళ్లుగా తిప్పలు పడుతున్నానండీ. మీరు దానికి చోటు కూడా ఖాయం చేసి ఇచ్చారు."