ఊదారంగు గడ్డి

"ఇవాళ పెద్దాయనకు చెప్పేస్తానే."

"చెప్పి ఏం ఉద్ధరిస్తావు? చేతులు కడుక్కుని రా, అన్నం పెడతా."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాడు, అక్కడే కూలిపోయాడు. ఏం చెప్పబోయాడో నాకొక్కదానికే తెలుసు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి భార్య రాస్తోంది.

తమ్ముడు కాగితాలు పెడితే అమెరికాలో ఈ కమ్మింగ్ అనే ఊరికి వచ్చాం. గుంటూరు వైపు మొక్కజొన్న పండించిన మనిషికి ఇక్కడ గోల్ఫ్ మైదానంలో గడ్డి పని దొరికింది. బంతిని గుంటలోకి తోసే చోటును గ్రీన్ అంటారు. అక్కడి గడ్డి గోరంత ఎత్తు కూడా ఉండదు. రోజూ గొరుగుతారు, దువ్వుతారు, మందులు పెడతారు. ఇంతా చేసి ఒక్క గేదె నోట్లోకి పోయేది లేదు. ఆ గడ్డి ఊసెత్తితేనే నాకు వెగటు.

ఒక చలికాలం గ్రీన్ మీద ఆకు ఊదారంగుకు తిరిగింది. భాస్వరం చాలలేదని మా ఆయన తేల్చేశాడు. మొక్కజొన్న ఆకు అలా తిరిగితే డీఏపీ వేసేవాళ్ళం కదా. మైదానం చూసుకునే పెద్దాయన మాత్రం అది చలికి వచ్చే రంగనీ, మట్టి పరీక్షలో భాస్వరం సరిపడా ఉందనీ, ఏమీ వెయ్యొద్దనీ అన్నాడట.

"ఆయనకేం తెలుసే, కాగితం చూసి సేద్యం చేస్తాడు," అని ఇంటికొచ్చి నవ్వాడు.

"నీ మందుకు ఆ గడ్డి కంకులేస్తుందా ఏంది?" అన్నాను.

ఆయనకు బండి నడపడం రాదు. తోటి పనివాడు, మెక్సికో అతను, రోజూ తన బండిలో తీసుకెళ్ళేవాడు. షెడ్డు తాళం కూడా అతని దగ్గరే. కొత్త గడ్డి నాటేటప్పుడు వేసే భాస్వరం మందు బస్తా ఆ షెడ్డులో ఉండేది. అతను మిషను బయటికి తీసేలోపు మా ఆయన బకెట్టులో కొంత ఎత్తుకుపోయి, పొలంలో చల్లినట్టే చేత్తో చల్లేవాడు. అలా చాలా పొద్దులు చేశాడు.

చలి పోగానే ఊదారంగు దానంతటదే పోయింది. ఆ మందు బలానికి గ్రీన్ నిండా తెల్ల కంకుల కలుపు గుత్తులుగా లేచింది. వానకు కొట్టుకుపోయిన మందు పక్క చెరువులో చేరింది. నేను వెళ్ళి చూశాను. నీళ్ళ మీద నాచు పచ్చటి చీమిడిలా మందంగా కట్టింది. చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ముక్కు మూసుకున్నా ఆ కంపు గొంతులోకి దిగింది.

పెద్దాయన షెడ్డులో బస్తా చూస్తే ఖాళీ. తాళం ఎవరి చేతిలో ఉందో అతన్నే పనిలోంచి తీసేశారు.

"చల్లింది నేనని చెబుతానే," అన్నాడు మా ఆయన ఆ రోజే.

"నోరు మూసుకో. బండి రాదు, భాష రాదు, ఇంకెవరిస్తారు నీకు పని?" అన్నాను.

మూసుకున్నాడు. అప్పటినుంచీ అన్నం ముందు చేతులు తోలు ఊడేలా రుద్దేవాడు.

ఆయన పోయాక ఆ మెక్సికో అతను పరామర్శకు వచ్చాడు. ఇంకా సరైన పని దొరకలేదట. అయినా మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించినవి ఇంట్లో చేయించి, గిన్నె నిండా పట్టుకొచ్చాడు. మా ఆయన నమ్మకమైన మనిషని అన్నాడు. తమ్ముడు ఆ మాట తెలుగులో చెబితే నేను తల ఊపాను. అతను వెళ్ళాక ఆకలేసి అవి నాలుగు తిన్నాను. అప్పుడు నా మీద నాకు పుట్టినంత రోత ఆ నాచును చూసినా పుట్టలేదు.

రేపు తమ్ముడు దీన్ని ఆ పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాలి. ఆ మెక్సికో అతని పని అతనికి తిరిగి ఇప్పించాలి.

"వదినా, నోరు మూసుకో అన్నదొక్కటీ తీసేద్దామా? పోయిన అన్నయ్య ఎటూ పోయాడు, నువ్వెందుకు చెడ్డ కావడం?" అంటోంది మరదలు.

తీయమాకు. నీ సంగతి నాకు తెలుసు, ఇప్పటికే మెత్తగా రాసుంటావు. ఏదీ, బస్తా ఖాళీ అన్న కాడి నుంచి చదువు, వింటాను.