తిరుగు కవరు

ఒహాయోలో మా వీధి చివర ఉండే వెర్లిన్ హోస్టెట్లర్ పొద్దున్నే సాసేజీ తిన్న జిడ్డు నాలుకతోనే కవర్ల అంచులు తడిపి అంటిస్తాడు. ప్రతి కవరులోనూ రిటైరైన ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు, దానిమీద సంతకం చేసి పంపడానికి స్టాంపు అంటించిన తిరుగు కవరు, "చిన్నప్పటి నుంచీ నా హీరో మీరొక్కరే" అనే ఉత్తరం ఉంటాయి. అందరికీ అదే ఉత్తరం, పేరొక్కటే మారుతుంది. ఫలానా ఆటగాడికి జబ్బు చేసిందని పేపర్లో పడితే అయ్యో అనడు, ఆ పూటే కవరు పంపుతాడు. సంతకమై వచ్చిన కార్డును మాత్రం వేలిముద్ర పడకుండా పట్టుకుని ప్లాస్టిక్ తొడుగులోకి దించుతాడు. పెళ్లాం డార్లీన్ చేతిని అంత మెత్తగా పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు.

నిన్న పోస్టు డబ్బా దగ్గర ఒక కార్డు నా మొహం ముందు ఆడించాడు. అది డెల్మార్ ప్రూయిట్‌ది. మైదానంలో ఎదుటివాళ్లను తలతో గుద్ది గుద్ది, ముసలితనంలో సొంత పేరే మరిచిపోయిన మనిషి. సంతకం వంకరగా పాకుతూ కార్డు అంచు దాటిపోయింది. వెనక ఆయన భార్య రాసింది: "చేయి పట్టుకుని నేనే రాయించాను. దయచేసి ఇక పంపకండి."

"చూడవయ్యా, సగం సంతకం ఆవిడదే! ఇదేం చెల్లుతుంది?" అన్నాడు వెర్లిన్.

"ఆయనకి పేరే గుర్తులేదట కదయ్యా!"

"అందుకేగా నా తొందర!" అంటూ ఇంకో కవరు నాకాడు. "ఈసారి ఆవిణ్ణి చెయ్యి పెట్టొద్దని రాశాను. చూసి రాసుకోవడానికి ఆయన పేరు కూడా పెద్దక్షరాల్లో రాసి పెట్టాన్లే."