నేను చదవని రెండో పేరా

మా మామగారు మొండితనం వల్లే పోయారని మా ఇంట్లో అందరూ చెబుతారు. శుద్ధ అబద్ధం. దవాఖానకు రానని ఆయన ఎప్పుడన్నారు? రమ్మని రాసిన కాగితాన్ని నేను సగమే చదివాను. ఆ మిగిలిన సగాన్ని గొంతులో పెట్టుకుని ఇన్నేళ్లూ తిరిగాను. విసుగొచ్చింది. వాళ్లు చెప్పే కథ మీద, దానికి తలూపే నా మీద.

తొంభైల మొదట్లో సంగతి. అప్పటికి ఝరాసంగం దగ్గర మాకు అల్లం తోట ఉండేది. మూత్రం చుక్కలు చుక్కలుగా పోతోందని మామగారు జహీరాబాద్ డాక్టరుకు చూపించుకుంటే, ఆయన రక్తం తీసి హైదరాబాదుకు పంపాడు. రిపోర్టుతో పాటు అక్కడి డాక్టరు ఇంగ్లీషులో రాసిన ఓ ఉత్తరం నేరుగా మా ఇంటికే వచ్చింది. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. వసారాలో అందరి ముందూ నిలబెట్టి చదవమన్నారు.

రక్తంలో దోషం లేదని మొదటి పేరా. రెండో పేరాలో అసలు సంగతి: ఒక్క రక్తపరీక్షను నమ్మడానికి లేదు, మలద్వారంలోంచి వేలితో ప్రోస్టేటు గ్రంథిని తడిమి చూడాలి, రెండూ కలిపి చూస్తేనే క్యాన్సరు ఉందో లేదో ఓ అంచనాకు రాగలం, వెంటనే తీసుకురండి.

మామ ముందు కొంగు తల మీదికి లాక్కునే కోడలు ఆ ముక్క ఎలా పలుకుతుంది?

"రక్తం మంచిగనే ఉన్నదంట మామా."

"ఇంకేం రాసిన్రు బిడ్డా? కాగితం నిండ ఉన్నది గద."

"అంతే మామా."

మా మరిది అందుకున్నాడు. "సూసినవా నాయినా! వదిన ఒక్క మాటల ముగించుడు ఇయ్యాల్నే సూసిన!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సిగ్గట! బస్సులో సీటు కోసం మగవాళ్లతో పోట్లాడేదాన్ని, బియ్యంలో రాళ్లుంటే దుకాణందారును నలుగురిలో కడిగేసేదాన్ని, నాకు సిగ్గు! పోనీ, ఆ సాయంత్రం మా ఆయనకైనా చెప్పొచ్చు కదా? చెబితే, పొద్దున అబద్ధం ఎందుకాడావని అడుగుతాడు. తప్పు నాదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. అసలు కారణం అదీ. రేపు చెబుదామనుకున్నాను. తర్వాత, ఒక పరీక్ష బాగుంది కదా, రెండోది మాత్రం కొత్తగా ఏం చెబుతుందిలే అని నాకు నేనే డాక్టరునైపోయాను.

రెండేళ్లకు మామగారు నడుము నొప్పితో మంచాన పడ్డారు. హైదరాబాదులో ఆ వేలి పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గ్రంథి రాయిలా ఉందన్నాడు డాక్టరు. తర్వాత ఎక్స్‌రేలు చూసి, జబ్బు ఎముకలకు పాకిందన్నాడు. ముందే ఎందుకు తీసుకురాలేదని కసిరితే, "మా నాయిన మొండోడు సార్" అన్నాడు మా ఆయన. ఆ కథ పుట్టింది అక్కడే. మామగారు కాదనలేదు. పక్కనే ఉన్న నేనూ కాదనలేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి లేరు. మీకు చెప్పేశాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే. కానీ ఏ డాక్టరునూ అడిగే ధైర్యం చేయలేకపోయాను, మీకు తెలిస్తే చెప్పండి: ఆ వారమే రెండో పరీక్ష కూడా చేయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, జబ్బు ఆ గ్రంథి దాటకముందే దొరికేదా?