మా ఎర్ర ట్రక్కు, నా పట్టుకొంగు

మొన్న శనివారం మా టెక్సస్ ఫ్రిస్కోలో గుడి పార్కింగ్ లాట్‌లో నేను బండికి సాష్టాంగపడ్డానని ఊరంతా చెప్పుకుంటున్నారట. భక్తి కాదర్రా. నా కొంగు బండి కింద ఉంది. కొంగు ఎక్కడుంటే నేనూ అక్కడే కదా.

మొదట్నించీ చెప్తాను, ఆ టీ చల్లారనివ్వకండి.

మా ఆయన రిటైరయ్యాక అందరిలా గోల్ఫ్ అనో, గీతా క్లాస్ అనో అనలేదు. ఎవరో రైతు షెడ్డులో కోళ్ళు కాపురముంటున్న ముత్తాతలనాటి ట్రక్కు డొక్కు ఒకటి తెచ్చి గరాజ్‌లో పెట్టారు. దీన్ని హాట్ రాడ్ చేయిస్తానన్నారు. అంటే ఒళ్ళు పాతది, ఇంజన్ కొత్తది. చూడ్డానికి నేలబారుగా, వింటే ఉరుములా ఉండాలి. "నువ్వూ నేనూ అందులో గుడికెళ్దామే" అన్నారు. ఆ ఒక్క మాటకి పడిపోయాను.

ఇక అలాంటి బండి కట్టిచ్చే బిల్డర్ వేట. టెక్సస్‌లో మేం తిరగని షెడ్డు లేదు. ఒకాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మొత్తం మా ఆయనతోనే మాట్లాడాడు. వద్దన్నాను. ఇంకొకాయన షాపు మా వంటింటికన్నా శుభ్రంగా ఉంది. పనిచేసేవాడి షాపు అలా ఉండదు, వద్దన్నాను. చివరికి డేల్ దొరికాడు. గడ్డం బొడ్డుదాకా. నేను పట్టుకెళ్ళిన మిరపకాయ బజ్జీ తిని, కళ్ళమ్మట గోదావరి పారుతున్నా ఇంకోటి అందుకున్నాడు. పైగా, కూర్చుని లేచేటప్పుడు మీకు ఏ మోకాలు నొప్పి అని అడిగాడు. మా డాక్టరైనా అంత శ్రద్ధగా అడగలేదు.

గొడవంతా ఫ్రంట్ సస్పెన్షన్ దగ్గర, అంటే ముందు చక్రాల కుదుపులు ఓర్చే ఏర్పాటు దగ్గర వచ్చింది. మా ఆయనకి పాతకాలపు స్ట్రెయిట్ యాక్సిల్ కావాలి. ముందు చక్రాలు రెంటికీ కలిపి ఒకటే అడ్డకమ్మీ, అందరికీ కనబడేలా. అలాంటి బండి ఒకటి డేల్ దగ్గరుంటే ఎక్కించి ఓ రౌండ్ తిప్పాడు. అది ఉమ్మడి కాపురమర్రా. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రమూ ఏడుస్తుంది. నా పళ్ళన్నీ ఊడి ఒళ్ళో పడితే ఏరి పెట్టుకున్నాను. తర్వాత ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండి ఎక్కించాడు. వేరు కాపురం. ఎవరి గుంట వారిది. అందులోనూ స్ప్రింగుల బదులు గాలితిత్తులు. ఒక బటన్ నొక్కితే బండి పైకి లేస్తుంది, ఇంకోటి నొక్కితే నేలకి ఆనుకుని పడుకుంటుంది.

నాకు కావలసింది అదే. పట్టుచీర కట్టుకుని, ఈ మోకాళ్ళతో, నేలబారు బండిలోంచి లేవాలంటే క్రేన్ పిలవాలి. ఇదైతే అదే నన్ను లేపి మరీ దింపుతుంది. మా ఆయన మూతి ముడుచుకున్నారు, అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయన్నారు. నాకు పౌరుషం వచ్చింది.

"ఇది ఒక్కసారి ఇబ్బంది పెట్టినా, ఈ బండి విషయంలో జన్మలో నోరెత్తను."

డేల్‌ని సాక్షిగా పెట్టుకుని మరీ ఒప్పుకున్నారు. నాకు నోరు పోతే ఇంకేం మిగులుతుంది చెప్పండి?

బండి తయారైంది. మిరపపండులా ఉంది. శనివారం వాహనపూజ పెట్టుకున్నాం. పూజారిగారు వచ్చేలోపు పిల్లలు మూగారు. మా ఆయన ఇంజన్ ఆపేసి, బటన్లు నొక్కుతూ బండిని లేపడం, పడుకోబెట్టడం. "తాతా, వన్ మోర్ టైమ్" అంటే చాలు, మళ్ళీ మొదలు. నేనేమో మహారాణిలా ముందుకెళ్ళి, వంగి, చక్రం ముందు నిమ్మకాయ పెడుతున్నాను. కొంగు జారి బంపర్ కిందికి వెళ్ళింది. ఉస్సుమంది. బండి హాయిగా పడుకుంది. నా కంచిపట్టు మీద.

లేపమని అరిచాను. ఆయన నొక్కారు. తిత్తుల్లోకి గాలి కొట్టే కంప్రెసర్ ముసలిపిల్లిలా మూలిగి ఆగిపోయింది. ఆడించీ ఆడించీ బ్యాటరీని చంపేశారు.

లాగితే చీర చిరుగుతుంది. లాగకపోతే నేను మోకాళ్ళ మీద, నుదురు బంపర్‌కి ఆనించి. అప్పుడే కారు దిగిన ఓ కొత్త జంట ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని, చెప్పులు విడిచి నా పక్కన నిలబడి దండం పెట్టుకున్నారు. పూజారిగారు హారతిపళ్ళెంతో వచ్చి ఓ క్షణం చూశారు.

"అమ్మా, స్వామి లోపలున్నాడు."

మా ఆయన తన ఫ్లిప్ ఫోన్‌లో డేల్‌కి ఫోన్ చేశారు. డేల్ ముందు నా మోకాళ్ళ క్షేమం కనుక్కున్నాడు. తర్వాత, చీర కోయొద్దు, ఎవరి కారు బ్యాటరీకైనా కేబుల్స్ తగిలించి జంప్ స్టార్ట్ చేసుకోండి అన్నాడు. దండం పెట్టిన జంట దగ్గరే కేబుల్స్ దొరికాయి. బండి లేచింది, నేనూ లేచాను. చీరకి గ్రీజు మరక తప్ప ఏమీ కాలేదు. మా ఆయన నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నారు, అంతే.

మాటంటే మాట. పూజ అయ్యాక ఎక్కి కూర్చుని నోటికి తాళం వేశాను. బండి మాత్రం పూలపల్లకీ. కడుపులో చల్ల కదలలేదు. హైవే దిగాల్సిన మా ఎగ్జిట్ వచ్చింది. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. నోరెత్తలేదు. ఇళ్ళు పోయాయి, పొలాలొచ్చాయి, ఆవులొచ్చాయి. పక్క రాష్ట్రం ఒక్లహోమా బోర్డు కనబడ్డాక ఆయనే బండి పక్కకి తీసి ఆపారు.

"తల్లీ, నోరు తెరువు."

తెరిచాను. ఇంటికొచ్చేదాకా మూయలేదు.

గెలుపు నాదేననుకోండి. నిన్న మళ్ళీ అందులోనే గుడికెళ్ళాం. కాకపోతే, పట్టుచీర కోసం ఏరికోరి ఎంచుకున్న ఆ బండిలో నేను చుడీదార్ వేసుకుని వెళ్ళాను. చున్నీ ఇంట్లో పెట్టి.