ముఖ్య అతిథి వచ్చేదాకా

ఆ రోజుల్లో కళింగపట్నం తీరంలో సముద్ర తాబేళ్ల మీద పరిశోధన చేసేదాన్ని. తెల్లారుతూనే ఇసుకలో జాడలు వెతికేవాళ్లం. గుడ్లు దొరికితే కుక్కలు తవ్వకముందే తెచ్చి, కంచె కట్టిన చోట పాతిపెట్టేవాళ్లం. రోజుకూలి మీద నాతో నడిచేది ఎండుచేపలు అమ్ముకునే ఒక నడివయసావిడ. అక్కను పిలిచినట్టు, వాళ్ల ఊరి వాడుకలో అప్పా అని పిలిచేదాన్ని. వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లే మాకు ఎక్కువ కనిపించేవి. నేను డొప్ప కొలిచాక ఆమె ఇంత పసుపు చల్లి గొయ్యి తవ్వేది. దేవుడి అవతారాన్ని కాకులకు వదిలేయకూడదనేది.

ఎండలు ముదిరేవేళకి గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాయి. వెంటనే నీళ్లలోకి వదలాలి. కానీ మా పై అధికారి ఆపమన్నాడు. ముఖ్య అతిథి వస్తున్నాడట, ఆయన చేతుల మీదుగానే వదలాలట. ఎండెక్కితే బతకవని చెప్పాను. షామియానా వేయించాం కదా అన్నాడు. షామియానా కుర్చీల మీద ఉంది, పిల్లలున్న టబ్బులు ఎండలో ఉన్నాయి. అప్పా నేనూ వాటిని నీడకు లాగి తడిగుడ్డలు కప్పాం. పొద్దు నడినెత్తికొస్తున్నా కార్ల జాడ లేదు. టబ్బుల్లో గీరుకుంటున్న చప్పుడు తగ్గిపోతూ వచ్చింది.

అప్ప ఇక ఆగలేకపోయింది. ఒక టబ్బు ఎత్తుకుని అలల వైపు నడిచింది. అధికారి అడ్డం వచ్చి లాక్కున్నాడు.

“ఏటి బాబూ, ఇవి మీ పోటో కోసం పుట్టినాయా?” అని ఆమె గొంతు పెంచకుండానే అడిగింది.

చివరికి అతిథి వచ్చాడు. ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని కెమెరాల వైపు నవ్వాడు. అది కదల్లేదు. నిద్రపోతోందా అని అడిగాడు. అవును సార్ అన్నారెవరో. చచ్చిపోయిందని నేనన్నాను. విననట్టే చప్పట్లు కొట్టారు. వదిలినవాటిలో చాలామట్టుకు అలతోపాటే ఒడ్డుకు తిరిగొచ్చాయి. సాయంత్రానికి ఆ ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

తర్వాత అప్పను పనిలోంచి తీసేశారు. పెద్దల ముందు మర్యాద తెలియదట. నేను పోట్లాడితే నన్ను భావనపాడు వైపు మార్చారు. వెళ్లేముందు ఆమె ఇంటికి పోయాను. చేపలు ఆరబెడుతోంది. ఆమె గురించి మళ్లీ అడిగి చూస్తానన్నాను.

“వద్దమ్మా. సచ్చినవాటిని కప్పెట్టడానికి పిలు, వస్తాను. సంపడానికి పిలవకు.”

తలెత్తి కూడా చూడలేదు. ఆ మాటతో నన్నూ వాళ్లలోనే కలిపేసింది. బస్సుకు వేళైందని చెప్పి వచ్చేశాను.