పెట్టెలో పడ్డ నవ్వు

వెర్నా బ్రుండిన్ నవ్వు గురించి బర్‌బ్యాంక్ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. చిన్నప్పుడు ఆ నవ్వుకే ఆమెను బడిలో బయట నిలబెట్టారు. పెళ్ళయ్యాక మొగుడు కార్ల్, నోరు మంచిదే పాపం, నవ్వొస్తే గరాజులోకి వెళ్ళి నవ్వుకోమన్నాడు. ఆవిడ అలాగే వెళ్ళి, పాత టైర్ల మధ్య నిలబడి తనివితీరా నవ్వుకుని, కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వచ్చేది. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు. తుమ్మితే దీవిస్తారు, నవ్వితే గెంటేస్తారు. ఆ నవ్వు సామాన్యమైనది కాదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. కీచుమని మొదలై, ఈలలా పైకి లేచి, అలమారాలోంచి గిన్నెలు దొర్లినట్టు కిందికి వచ్చేది. వీధిలో కుక్కలు లేచి కూర్చునేవి.

కార్ల్ పోయాక ఆవిడ స్టూడియో వీధిలో ఒక లాండ్రీలో చేరింది. అక్కడికే వెండెల్ ప్యాంట్లు వచ్చేవి. వెండెల్ ఎవరంటే, 'వెండెల్ మళ్ళీ పడ్డాడు' అని టీవీలో వారం వారం వచ్చే కామెడీలో హీరో. పదిహేడేళ్ళ వాడు. కనబడిన ప్రతి పిల్లనీ ప్రేమిస్తాడు, ప్రేమించిన ప్రతిసారీ దేంట్లోనో ఒకదాంట్లో పడతాడు. వాణ్ణి బయటికి లాగడానికి ఇద్దరు స్నేహితులు. ఒకడికి ఎప్పటికీ స్టార్టవ్వని కారు ఉంది, ఇంకొకడికి ఏ ఆడపిల్లతోనూ మాట్లాడిన అనుభవం లేదు కనుక ప్రేమ సలహాలన్నీ వాడే ఇస్తాడు. ప్యాంటుకు అంటిన మరక చూసి వెర్నా ఆ వారం కథ చెప్పేసేది. ఇది కేకు, అంటే పుట్టినరోజు పార్టీ. ఇది పచ్చరంగు, అంటే పిల్ల తండ్రి కంచెకు రంగు వేస్తున్నాడు.

ఆవిడ జోస్యం చూసి ముచ్చటపడిన స్టూడియో వాళ్ళు ఒక శుక్రవారం షూటింగుకు టికెట్ ఇచ్చారు. ఆ షో జనం ఎదుటే తీసేవారు, జనం నవ్వులు పట్టుకోవడానికి సీట్ల పైన మైకులు వేలాడదీసేవారు. వెండెల్ పడ్డాడు, వెర్నా నవ్వింది. ఆవిడ నవ్వు విని పక్కవాళ్ళు నవ్వారు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు నవ్వారు, హాలంతా ఊగిపోయింది. మర్నాడే డైరెక్టరు ఆమెకు మూడో వరుసలో, మైకు కిందే, శాశ్వతంగా ఒక సీటు రాసిచ్చేశాడు. గెంటించుకోవడమే తప్ప పిలిపించుకోవడం ఎరగని నవ్వు. లాండ్రీ వెనక్కి వెళ్ళి వెర్నా కాసేపు ఏడ్చింది.

ఆ పక్క సీట్లోకే ఒకనాడు ఓటిస్ క్రాండల్ వచ్చాడు. మాంసం కొట్టు ఓటిస్. భారీ మనిషి, మెత్తని మనసు, నెత్తిన గోధుమరంగు విగ్గు. అది విగ్గని ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలుసన్న సంగతి తెలియనివాడు ఓటిస్ ఒక్కడే. వెర్నా వస్తుంటే దారివ్వడానికి మర్యాదగా లేచాడు, మర్యాదగా కూర్చున్నాడు. విగ్గు మాత్రం కూర్చోలేదు. పైనున్న మైకుకు చిక్కుకుని బర్రుమని రాసుకుంటూ అక్కడే వేలాడింది. సరిగ్గా అదే క్షణంలో స్టేజి మీద వెండెల్ ఈతకొలనులో పడ్డాడు. ఓటిస్ చటుక్కున విగ్గు లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. హాలంతా వెండెల్‌ను చూసి నవ్వుతోంది. వెర్నా మాత్రం నవ్వింది ఓటిస్‌ను చూసి. ఎంత నవ్విందంటే చివర ఎక్కిళ్ళు వచ్చాయి, పుట్టి బుద్ధెరిగాక రానివి.

ఎవరూ చూడలేదనుకున్నాడు ఓటిస్. షో అయ్యాక టోపీ చేతిలో పట్టుకుని, మీ నవ్వు ఎంత బాగుందో అన్నాడు. నవ్వింది మీ విగ్గును చూసేనని ఇక ఆవిడ ఏం చెబుతుంది? యాభై ఏళ్ళు వచ్చాక ఆ మాట మొదటిసారి వింటున్న మనిషి. చెప్పలేదు. ఆదివారాలు ఇద్దరూ కలిసి హోటల్లో 'ఆపిల్ పై' అనే మిఠాయి తినడానికి వెళ్ళసాగారు. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఓటిస్ పెళ్ళిమాట ఎత్తుతాడని ఊరు అనుకుంది, వెర్నా ఊరికంటే ఎక్కువగా అనుకుంది.

అక్టోబరులో ఒక బుధవారం ఆవిడ కొట్టుకు వెళితే ఓటిస్ కత్తి నూరుతూ తల ఎత్తలేదు.

"ఏం కావాలి, మిసెస్ బ్రుండిన్?"

ఎన్ని నెలలనుంచో వెర్నా అని పిలుస్తున్న నోరది.  ఆవిడ నయాన అడిగితే చెప్పాడు. నిన్న వేరే ఛానెల్లో పోలీసు కామెడీ ఒకటి వచ్చిందట. అందులో దొంగ ఇన్‌స్పెక్టర్ బట్టతలలో చూసుకుంటూ టై సరిచేసుకున్నాడట. దానికి నవ్వినవాళ్ళలో వెర్నా నవ్వు ఉందట, ఎక్కిళ్ళతో సహా.

"నేను ఆ షోకి పోనే లేదండీ."

"ఆ నవ్వు ఇంకెవరికుంది? పొండి, నాకేం బాధ లేదు. బట్టతలవాళ్ళు పడాలి, నాకేం?" అని విగ్గు సర్దుకున్నాడు.

వెర్నాకు చప్పున అర్థమైంది. ఇదంతా లైల్ పని. లైల్ అంటే స్టూడియోలో సౌండు చూసే మనిషి. అతని దగ్గర టైపు మిషన్ లాంటి మీటలున్న ఒక పెట్టె ఉండేది. జనం నవ్వులను టేపు మీదకు ఎక్కించి అందులో దాచుకునేవాడు, చాలని చోట మీట నొక్కి ఒక నవ్వు అతికించేవాడు. పెట్టెకు తాళం, తాళానికి గుడ్డ ముసుగు, ఊళ్ళో ఎవరి షోకు నవ్వు కొరవడినా పెట్టె వేసుకుని పోవడం. ఎక్కిళ్ళ నవ్వు అంటే ఆ విగ్గు రోజు నవ్వే. పెట్టె సంగతి ఓటిస్‌కు చెప్పింది. నవ్వులను పెట్టెలో పెట్టే మనిషి ఉంటాడంటే నమ్మడానికి నేను పసివాణ్ణా అన్నాడు. లైల్‌ను బతిమాలితే, ఏ పెట్టె అన్నాడు, పెట్టె మీద కూర్చునే. పోనీ ఆ నవ్వు ఏనాటిదో చెబుదామా? చెబితే, టీవీలో బట్టతలను చూసి నవ్విందన్న నింద పోయి, పక్కనే ఉన్న బట్టతలను చూసి నవ్విందన్న నిజం బయటపడుతుంది. వెర్నా ఆ రాత్రి భోజనం ముట్టలేదు.

శుక్రవారం ఆవిడ మూడో వరుసలో కూర్చుంటే పక్కన ఓటిస్ వచ్చి కూర్చున్నాడు, చెవుల దాకా దించిన టోపీతో. చూద్దామనే వచ్చాడు, మాట్లాడ్డానికి కాదు. ఆ రోజు వెండెల్ పళ్ళ మురబ్బా కడాయిలో పడ్డాడు. లాగబోయిన స్నేహితులిద్దరూ పడ్డారు. వెర్నాకు పెదవి కదలలేదు. నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది, లోపలంతా బరువుగా ఉంటే. హాలు చప్పగా చల్లారిపోయింది, డైరెక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు లైల్ అతని చెవిలో, నేను చూసుకుంటాలెండి అన్నాడు. ఆ మాట మూడో వరుసదాకా వినబడింది.

వెర్నా అక్కడికక్కడే ఓటిస్ చెయ్యి పట్టుకుంది. "ఇవాళ నేను నవ్వానా?"

"లేదు."

"మీరు పక్కనే ఉన్నారుగా. ఇది టీవీలో వచ్చే రోజు మా ఇంటికి రండి. వచ్చి వినండి."

ధైర్యంగానే పిలిచింది. లైల్ దగ్గర తన నవ్వులు బోలెడున్నాయి, ఎక్కిళ్ళదే వెయ్యాలని ఏముందిలే అనుకుంది.

ఓటిస్ వచ్చాడు, సాసేజీల పొట్లంతో సహా. సోఫాకు ఆ చివర ఆయన, ఈ చివర ఆవిడ. టీవీలో వెండెల్ కడాయి అంచు మీద నిలబడి పిల్లకు ముద్దు విసిరాడు, పడ్డాడు. బర్రుమని ఒక చప్పుడు. వెంటనే కీచుమని, ఈలవేసి, గిన్నెలు దొర్లి, చివర ఎక్కిళ్ళు.

వెర్నా నోరు మూసుకునే ఉంది. ఓటిస్ టీవీని చూశాడు, ఆవిడ నోటిని చూశాడు. మొహం వికసించింది.

"నిజమే వెర్నా. మూర్ఖుణ్ణి, నిన్ను అనుమానించాను" అని చెయ్యి చాచబోయి ఆగాడు. టీవీలో స్నేహితులు కూడా కడాయిలో పడ్డారు. మళ్ళీ బర్రు, మళ్ళీ అదే నవ్వు. ఓటిస్ చెయ్యి నెమ్మదిగా నెత్తి మీదికి పోయింది. ఆ బర్రు ఆయనకు తెలియదా? సొంత విగ్గు చప్పుడు.

"ఆ రోజు నువ్వు నవ్వింది వెండెల్‌ని చూసి కాదా?"

ఇక దాచి లాభం లేదు. "కాదండీ" అంది వెర్నా. "మిమ్మల్ని చూసే. బతికిన బతుకులో అంత హాయిగా నేనెప్పుడూ నవ్వలేదు. అప్పుడే చెబితే మళ్ళీ రారని భయమేసింది."

ఓటిస్ నెత్తి మీది చెయ్యి దించాడు. "ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ."

"పాస్టరు గారికి?"

"ఆయనకి ముందు నుంచీ తెలుసు."

ఓటిస్ లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకుని వెర్నా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి విగ్గు టీవీ మీద ఉంది, వెండెల్‌కు జుట్టు మొలిచినట్టు. దీపం కింద ఓటిస్ తల తళతళలాడుతోంది, ఆయన మొహంలో మాత్రం ప్రాణం లేదు. ఆవిడ నవ్వు ఆపుకుంది. పెదవి కొరుక్కుంది. కుషన్ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఆ కుషన్ తీసెయ్ వెర్నా. నేను కొట్టు కట్టేసి వచ్చేది ఆ నవ్వు వినడానికే."

ఆవిడ తీసేసింది. వీధిలో కుక్కలన్నీ లేచాయి. ఎక్కిళ్ళు ఆగకపోతే ఓటిస్ వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు, ఆ గ్లాసు చేతికిస్తూనే పెళ్ళిమాట ఎత్తాడు.