చప్పుడు మానేసిన కారు

మా పిన్ని ఆ కారు కొన్నప్పటికే దానికి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఇరవై రెండు. పిన్ని నర్సు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన రోగులకు, ఇల్లిల్లూ తిరిగి పుండ్లు కడిగి కట్లు కడుతుంది. కారు మూలపడితే ఉద్యోగమూ మూలపడ్డట్టే. వస్తువును కంటికి రెప్పలా చూసుకునేవాళ్లను చాలామందిని చూశాను. పిన్ని మాత్రం కారును చెవులతో చూసుకునేది.

అందులో పాటలు పెట్టనిచ్చేది కాదు. ఎక్కినవాళ్లు నోరు మూసుకోవాలి. మలుపులో టిక్కుమన్నా, గతుకులో కిర్రుమన్నా బండి పక్కకు ఆపి, తేదీ వేసి పుస్తకంలో రాసుకునేది. తర్వాత మెకానిక్ ముందు నిలబడి ఆ చప్పుడు నోటితో చేసి చూపించేది. నాకు నవ్వాగేది కాదు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు, బానెట్ ఎత్తకముందే సగం రోగం ఆవిడే చెప్పేస్తుందనేవాడు. పాత కారును నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే, అది చెప్పేది వింటే నమ్మొచ్చనేది పిన్ని. కాస్త గొప్పలు పోతోందనిపించేది. అయినా పదమూడేళ్లలో ఆ కారు ఆవిణ్ణి ఒక్కసారీ నడిరోడ్డు మీద వదిలేయలేదు.

ఏడాది తర్వాత మొన్న మళ్లీ ఎక్కాను. పిన్ని పుస్తకం తీసి చూపించింది. ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. ముసలితనంలో దీనికి బుద్ధొచ్చిందని మురిసిపోయింది. మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కగానే ముందు చక్రం పళ్లు జివ్వుమనేలా కీచుమంది. రోడ్డు దాటేవాళ్లు తిరిగి చూశారు. పిన్ని హాయిగా ముందుకు చూస్తూ కూర్చుంది.

వినపడలేదా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పిరికిదాన్ని. టైర్లలో గాలి చూపిద్దామని అబద్ధమాడి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. నేను మెల్లగా విషయం చెవిలో వేస్తే, ఆయన తనే కారెక్కి షెడ్డు ముందు మెల్లగా నడుపుతూ మూడుసార్లు బ్రేకు వేశాడు. మూడుసార్లూ నేను ముఖం చిట్లించాను, ఆయనా చిట్లించాడు. పిన్ని మా ముఖాలు చూసింది. బ్రేక్ ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయని ఆయన చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

పిన్ని అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది.

"మీ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయే," అంది.

సన్నటి చప్పుళ్లే ముందు పోతాయట, చెవికి మిషను పెట్టుకుంటే సరిపోతుందట అని ఏదో వాగాను. పిన్ని నా మాట వినడం లేదు. బతుకుతెరువు గురించి దిగులు పడుతోందనుకున్నాను.

"కాలి మీద పుండున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు," అంది చివరికి. "కట్టు విప్పుతుంటే సన్నగా మూలిగేవాడు. నా చూపంతా పుండు మీదే ఉంటుంది కదా. నెలరోజులుగా మూలగడం లేదు, నొప్పి తగ్గిందని డాక్టరుకు చెప్పాను. మందు సగానికి తగ్గించారు."



కారు అక్కడే వదిలేసి టాక్సీలో ఆ పెద్దాయన ఇంటికి బయల్దేరాం.  తలుపు తట్టే ముందు పిన్ని నావైపు తిరిగింది.

"ఆయన మూలిగితే నా భుజం నొక్కు," అంది.

కట్టు మొదటి చుట్టు విప్పగానే నొక్కాను.